చిప్పుపై క్షయ పరీక్ష: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

క్షయవ్యాధి మన దేశమునకు క్రొత్త కాదు. ప్రపంచమందలి క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మంది భారతదేశముననే యున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ వ్యాధికి మంచి మందులు గలవు. అవి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించుచున్నవి. క్రమము తప్పక వాడినవారిలో అత్యధికులు నయమగుచున్నారు. అయినను ఈ వ్యాధి మన గ్రామములను విడిచిపోలేదు. 2025 నాటికి దేశమునుండి క్షయను పారద్రోలవలెనని 2018లో ప్రభుత్వము లక్ష్యము నిర్ణయించుకొన్నది. ఆ సంవత్సరము గడచినది. వ్యాధి కొంత తగ్గినది గాని నిర్మూలము కాలేదు.

ఇందులకు గల కారణములలో ముఖ్యమైనది ఆలస్యము. దగ్గు మొదలైన దినమునకును, అది క్షయ యని తేలిన దినమునకును నడుమ అనేక వారములు గడచిపోవుచున్నవి. ఊపిరితిత్తుల క్షయ గల మనిషి చికిత్స లేక తిరిగినచో సంవత్సరమునకు పది పదిహేనుగురికి ఆ క్రిమిని అంటింపగలడని వైద్యులు చెప్పుచున్నారు. ఆ పదిమందియు ఎక్కడివారో కారు. అదే గదిలో నిద్రించు బిడ్డలు, వండి పెట్టు ఇల్లాలు, ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టు తోటి కూలీలు వారే. కావున ఒక్కరి రోగమును ఒక నెల ముందు గుర్తించుట ఆ ఒక్కరికే కాక ఊరికంతటికిని మేలు.

ఈ ఆలస్యమును తగ్గించుటకు ఇప్పుడొక చిన్న సాధనము మన ఆరోగ్య కేంద్రములకు వచ్చియున్నది. రెండు వ్రేళ్లతో పట్టుకొనదగిన చిన్న చిప్పుపై రోగక్రిమి పరీక్ష జరిగిపోవును. ఈ యంత్రమును ‘ట్రూనాట్’ అందురు. అది ఎట్లు పనిచేయును, ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు, దాని ప్రయోజనము మన ఊరికి దక్కుటకు పంచాయతీ ఏమి చేయవలెను అను సంగతులను ఇక్కడ వివరింపబూనినాము.

పూర్వపు పద్ధతులు

క్షయకు కారణమైన క్రిమిని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ కనుగొని, 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున ప్రకటించెను. నేటికిని మార్చి 24ను ప్రపంచ క్షయ దినముగా పాటించుటకు ఇదియే కారణము. నాటినుండి కళ్లెను గాజుపలకపై పూసి, రంగులు వేసి, సూక్ష్మదర్శినిలో చూచుట వాడుకలోనికి వచ్చినది. ఈ పద్ధతి చౌక. ఎన్నో ప్రాణములను కాపాడినది. కాని దీనికొక లోపము గలదు. ఒక మిల్లీలీటరు కళ్లెలో దాదాపు పదివేల క్రిములు ఉన్నగాని అవి కంటబడుట కష్టము. రోగము మొదటి దశలో నున్నవారి కళ్లెలో అన్ని క్రిములు ఉండవు. అట్టివారు ‘రోగము లేదు’ అను మాట విని ఇంటికి పోయి, మరికొన్ని నెలలకు రోగము ముదిరిన పిమ్మట తిరిగి వచ్చెడివారు.

రెండవ పద్ధతి క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూచుట. ఇది మిక్కిలి నమ్మదగినది. కాని క్షయక్రిమి బహు మెల్లగా పెరుగును. ఫలితము తేలుటకు రెండు వారములు మొదలు ఎనిమిది వారముల వరకు పట్టును.

చికిత్స విషయమున మన దక్షిణదేశము లోకమునకే దారి చూపినది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున నూరేండ్లకు పూర్వమే క్షయ చికిత్సాలయము వెలసినది. ఆనాడు రోగి ఇల్లు విడిచి నెలల తరబడి అట్టి చోట నుండవలసివచ్చెడిది. 1956లో మద్రాసునందు ప్రారంభమైన పరిశోధన, ఇంటివద్దనే యుండి మందులు వాడినను రోగము అంతే చక్కగా నయమగునని నిరూపించినది. చికిత్స ఆ విధముగా ఇంటికి చేరినది. నమ్మదగిన పరీక్ష మాత్రము ఆ తరువాత చాలకాలము పట్టణములోనే నిలిచిపోయినది.

చిప్పు అనగా నేమి?

చిప్పు అనగానే సెల్‌ఫోనులోని చిప్పు మనకు స్ఫురించును. ఇది దానికి దూరపు చుట్టము. ప్రయోగశాలలో గాజునాళికలయందును, పెద్ద యంత్రములయందును జరుగు రసాయనిక చర్యను కొద్ది పరిమాణములో ఒక చిన్న పలకపైననే జరుపవచ్చునను ఆలోచన 1990 ప్రాంతమున బలపడినది. స్విట్జర్లాండులో పనిచేయుచుండిన ఆండ్రియాస్ మాంజ్ మొదలగువారు ఈ మార్గమును ప్రతిపాదించిరి. 1991లో అమెరికా దేశమున స్టీఫెన్ ఫోడర్, ఆయన సహచరులు గాజుపలక ఉపరితలముననే వెలుతురు సాయముతో జీవరసాయన పదార్థములను నిర్మించి చూపిరి. నాటినుండి ఇట్టి చిప్పులు అనేక విధములుగా పెరిగినవి.

మన కేంద్రములకు వచ్చిన చిప్పు బెంగుళూరులోని బిగ్‌టెక్ పరిశోధనశాలలో రూపొందినది. దీనిని గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేయుచున్నది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షను క్షయ నిర్ధారణకు సిఫారసు చేసినది. ఈ యంత్రములను గ్రామీణ ఆరోగ్య కేంద్రములకు ముందుగా తెచ్చిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఈ యంత్రములనే, చిప్పును మాత్రము మార్చి, ఆ వ్యాధి పరీక్షకు వినియోగించిరి. ఒకే యంత్రములో చిప్పును మార్చి వేర్వేరు వ్యాధులను పరీక్షింపగలుగుట ఈ పద్ధతిలోని సౌకర్యము.

ఈ చిప్పు పింగాణీ జాతి పదార్థముతో చేసినది. దాని నడుమ తెల్లని చిన్న గుంట యుండును. పరీక్ష అంతయు ఆ గుంటలోనే జరుగును. గుంట అడుగుననే వేడిచేయు తీగయు, వేడిమిని కొలుచు సాధనమును ఇమిడియున్నవి. గుంటలో పోయు ద్రవము ఆరు మైక్రోలీటర్లు, అనగా ఒక నీటిబొట్టులో ఇంచుమించు ఎనిమిదవ వంతు మాత్రమే.

ఇంత కొద్ది ద్రవము ఎందుకు? గంగాళమెడు నీరు కాగుటకు చాలసేపు పట్టును. చల్లారుటకు అంతకంటె ఎక్కువ సేపు పట్టును. పోపుగరిటెలోని నూనె క్షణములో కాగును. ఈ పరీక్షలో ద్రవమును పలుమార్లు వేడిచేసి చల్లార్చవలసి యున్నది. ద్రవము ఎంత కొద్దిగా నున్న పని అంత త్వరగా ముగియును. విద్యుత్తు కూడ అంత తక్కువ పట్టును. అందువలననే ఈ యంత్రము బ్యాటరీపై కూడ గంటల తరబడి పనిచేయగలదు.

ఒక గింజ నూరు కోట్లగు విధము

ప్రతి ప్రాణికిని దాని లక్షణములను నిర్ణయించు సూత్రమొకటి యుండును. దానినే డి.ఎన్.ఎ. అందురు. అది రెండు పేటలు పెనవేసిన దారమువంటిది. క్షయక్రిమి డి.ఎన్.ఎ.లో మరే క్రిమికిని లేని భాగములు గలవు. కళ్లెలో ఆ భాగము కనిపించెనా, క్షయక్రిమి యున్నట్లే. కాని అది మిక్కిలి సూక్ష్మము. కొద్దిపాటిగా నున్నచో ఏ సాధనమునకును అందదు. కావున ముందు దానిని పెంచవలెను.

పెంచు ఉపాయమును అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ మల్లిస్ 1983లో కనుగొనెను. అందులకు 1993లో నోబెల్ బహుమానము పొందెను. దీనిని పి.సి.ఆర్. పద్ధతి యందురు. ద్రవమును సుమారు 95 డిగ్రీల వరకు వేడిచేసినచో డి.ఎన్.ఎ. దారపు పేటలు రెండును విడిపోవును. చల్లార్చినప్పుడు, ముందుగా ద్రవములో కలిపిన చిన్న తునకలు క్షయక్రిమి గుర్తును వెదకికొని దానికి అతుకుకొనును. ద్రవములోని ఎంజైము అక్కడినుండి లేని పేటను అల్లుకొని పోవును. ఒక దారము రెండగును. మరల వేడిచేసి చల్లార్చిన నాలుగగును.

ఒక్క వడ్లగింజతో మొదలుపెట్టి మాటిమాటికి రెట్టింపు చేసినట్లు తలతుము. పది మార్లకు 1,024 గింజలగును. ఇరువది మార్లకు పది లక్షలు దాటును. ముప్పది మార్లకు 107 కోట్లు దాటును. చిప్పు గుంటలో జరుగునదియు ఇట్టిదే. పెరుగుచున్న కొలదియు మెరుపు నిచ్చు రంగుపదార్థము ఆ ద్రవములో నుండును. యంత్రము ఆ మెరుపును కనిపెట్టుచుండును. మెరుపు త్వరగా కనిపించినచో క్రిములు అధికముగా నున్నవనియు, ఆలస్యముగా కనిపించినచో కొద్దిగా నున్నవనియు గ్రహించును. క్షయక్రిమి లేనిచో తునకలు అతుకుకొనుటకు చోటుండదు, మెరుపు పుట్టదు. సూక్ష్మదర్శినికి పదివేల క్రిములు కావలసియుండగా, ఈ పరీక్షకు మిల్లీలీటరునకు సుమారు నూరు క్రిములున్నను చాలును.

కేంద్రములో జరుగు పని

కేంద్రములో ల్యాబ్ టెక్నీషియన్ మొదట కళ్లెలో ఒక ద్రావకమును కలిపి దానిని పలుచన చేయును. తరువాత దానిని ఒక చిన్న పెట్టెవంటి గుళికలో పోసి మొదటి యంత్రములో నుంచును. ఈ యంత్రము సుమారు ఇరువది నిమిషములలో మలినములను కడిగివేసి డి.ఎన్.ఎ.ను వేరుచేయును. దానినుండి ఆరు మైక్రోలీటర్లను పిపెట్‌తో తీసి, ఎండబెట్టిన మందుపొడి గల చిన్న గొట్టములో కలిపి, చిప్పు గుంటలో వేయును. చిప్పును రెండవ యంత్రములో నుంచిన ముప్పావు గంటలోపల ఫలితము తెరపై కనిపించును. మొత్తము మీద గంట, గంటన్నర పని.

పరీక్ష సక్రమముగా జరిగినదా లేదా యని తెలిసికొనుటకు ద్రవములోనే ఒక సాక్షి పదార్థమును కూడ ఉంచుదురు. అదియు పెరుగనిచో యంత్రము ‘లేదు’ అని చెప్పక, ‘పరీక్ష చెల్లదు’ అని చెప్పును. అప్పుడు మరల పరీక్షింపవలెను. ఒక చిప్పును ఒకేమారు వాడుదురు. వాడిన చిప్పులు, గొట్టములు ఆసుపత్రి వ్యర్థముల నిబంధనల ప్రకారము పోవలసినవే గాని పంచాయతీ చెత్తబండిలో పడరాదు.

క్షయ యున్నదని తేలినచో అక్కడితో ఆగరాదు. క్షయ మందులలో ప్రధానమైనది రిఫాంపిసిన్. కొన్ని క్రిములు ఈ మందునకు లొంగవు. అట్టి రోగికి మామూలు మందులిచ్చిన గుణము కనిపింపదు; లొంగని క్రిమి ఇతరులకు అంటుచునే యుండును. అదే డి.ఎన్.ఎ. ద్రవములోని మిగిలిన భాగముతో రెండవ చిప్పుపై పరీక్షించి, క్రిమి ఈ మందునకు లొంగునదో కాదో సుమారు ఒక గంటలో తెలిసికొనవచ్చును. పూర్వము నెలలు పట్టిన సంగతి ఇది. లొంగనిదని తేలినవారికి వేరు మందులు గలవు, అవియు ఉచితమే.

చిప్పు చెప్పలేని సంగతులు

యంత్రమును గూర్చి గొప్పగా చెప్పుకొనుట ఎంత సులభమో, దాని హద్దులు తెలిసికొనుట అంత అవసరము.

మొదటిది: చిప్పు తనవద్దకు వచ్చిన కళ్లెను గూర్చి మాత్రమే చెప్పగలదు. సీసాలో ఉమ్మి యున్నచో క్షయరోగికిని ‘లేదు’ అనియే ఫలితము రావచ్చును. ఉదయము లేవగానే, ఏమియు తినక మునుపు, నోటిని నీటితో పుక్కిలించి, నిండుగా ఊపిరి పీల్చి, రొమ్ములోతునుండి దగ్గి తీసిన కళ్లె కావలెను. అర చెంచాకు తక్కువ కాకుండ నుండవలెను. ఇంటిలోపల గాక ఆరుబయట, ఇతరులకు దూరముగా ఈ పని చేయవలెను. మూత గట్టిగా బిగించి, ఎండ తగులనీయక, జాప్యము లేక కేంద్రమునకు చేర్చవలెను.

రెండవది: క్షయ ఊపిరితిత్తులకే పరిమితము కాదు. మెడలోని గ్రంథులకు, వెన్నెముకకు, ఇతర అవయవములకు కూడ రావచ్చును. అట్టి రోగము కళ్లె పరీక్షలో తేలదు. చిన్నబిడ్డలు కళ్లెను తీయలేరు. కావున ‘లేదు’ అని వచ్చినను జ్వరము, దగ్గు, బరువు తగ్గుట ఆగనిచో డాక్టరువద్దకు మరల పంపవలెను.

మూడవది: చచ్చిన క్రిమి డి.ఎన్.ఎ.ను, బ్రతికియున్న క్రిమి డి.ఎన్.ఎ.ను ఈ పరీక్ష వేరుపరుపలేదు. అందువలన మందులు వాడుచున్న రోగికి నయమగుచున్నదా యని చూచుటకు సూక్ష్మదర్శిని వంటి ఇతర పరీక్షలనే వాడుదురు. ‘క్రొత్త యంత్రముండగా పాత పరీక్ష ఏల?’ యని ఎవరైన అడిగినచో సభ్యులు ఈ కారణమును చెప్పవలెను.

నాల్గవది: చిప్పులను 30 డిగ్రీలకు మించని వేడిమిలో నిలువ యుంచవలెనని తయారీదారుల సూచన. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట తెలిసినదే. రేకుల కప్పు గల గదిలో అట్టపెట్టెలో పడియున్న చిప్పు ఎంత ఖరీదైనదైనను నమ్మదగినది కాదు. చల్లని గది, నిలుకడైన విద్యుత్తు, దుమ్ము లేని బల్ల యంత్రముతో పాటు కావలసినవే.

పంచాయతీ చేయవలసిన పని

యంత్రములు ఎక్కువగా సామాజిక ఆరోగ్య కేంద్రములలోను, కొన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను ఉన్నవి. ప్రతి గ్రామమునను ఉండవు, ఉండనవసరమును లేదు. కళ్లె సీసా అక్కడికి చేరిన చాలును. ఊరికిని యంత్రమునకును నడుమ గల ఆ కొద్దిదూరమే పంచాయతీ బాధ్యత.

రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, కారణము లేక బరువు తగ్గుట, కళ్లెలో రక్తపు జీర — ఇందులో ఏది యున్నను పరీక్ష చేయింపవలెను. ప్రతి సభ్యుడును తన వార్డులో ఇట్టివారు ఎవరున్నారో ఆశా కార్యకర్తతోను, ఎ.ఎన్.ఎం.తోను కలిసి తెలిసికొనవలెను. గనులలోను, రాతిపనిలోను శ్రమించువారు, మధుమేహము గలవారు, వృద్ధులు, తగిన తిండి లేనివారు, పూర్వము క్షయ వచ్చినవారు, రోగి ఇంటివారు మొదట చూడదగినవారు. వారమునకొక దినము కళ్లె సీసాలను కేంద్రమునకు చేర్చు ఏర్పాటు చేసినచో, కూలి మానుకొని బస్సెక్కలేని పేదవారికి అంతకు మించిన సాయము లేదు. సీసా పంపుటతో పని ముగియదు. ఫలితము వచ్చినదా, వచ్చినచో మందు మొదలైనదా యని కూడ విచారింపవలెను.

2023వ సంవత్సరము మార్చి 24న వారణాసిలో ‘క్షయరహిత పంచాయతీ’ కార్యక్రమము ప్రారంభమైనది. ఈ గుర్తింపునకు సంవత్సరములో ప్రతి వేయిమంది జనాభాకు కనీసము 30 మందిని పరీక్షింపవలెను. వేయిమందికి ఒక రోగికి మించరాదు. చికిత్స పొందినవారిలో నూటికి 85 మందికి తక్కువ కాకుండ నయము కావలెను. నూటికి 60 మంది రోగులకైనను మందునకు లొంగు పరీక్ష జరిగియుండవలెను. రోగులకు పోషణసాయము అందుటయు షరతే.

ఇక్కడ సభ్యులు ఒక్క విషయమున మెలకువగా నుండవలెను. రోగుల సంఖ్య తక్కువగా నుండవలెననుటను చూచి, ‘పరీక్షలు మానినచో రోగులు కనిపింపరు, యోగ్యతాపత్రము వచ్చును’ అను దుర్బుద్ధి ఎవరికిని పుట్టరాదు. నాలుగువేల జనాభా గల గ్రామమున సంవత్సరమునకు 120 పరీక్షలు జరుగవలెను. అనగా నెలకు పది. ఈ పది పరీక్షలు జరిగిన పిమ్మట రోగులు లేరని తేలినచో అది ఊరి ఆరోగ్యము. పరీక్షలు జరుగక రోగులు లేరనుట లెక్క తెలియని దుకాణదారుడు అప్పులు లేవనుట వంటిది. మొదటి సంవత్సరము నలుగురు రోగులు అదనముగా బయటపడి యోగ్యతాపత్రము తప్పినను, ఆ పంచాయతీ సిగ్గుపడవలసిన పనిలేదు. ఆ నలుగురు ఎందరికి అంటింపబోయిరో వారందరును తప్పించుకొనిరి.

రోగి పేరును గ్రామసభలో చదువరాదు, గోడపై వ్రాయరాదు. పెండ్లి సంబంధము చెడునని, పని పోవునని భయపడి దగ్గును దాచుకొనువారు నేటికిని ఉన్నారు. ముఖ్యముగా స్త్రీలు అత్తవారింట ఈ భయమున మ్రగ్గుచున్నారు. పేరు బయటపడదను నమ్మకము కలిగించిననే వారు సీసా పట్టుకొందురు. మందులు మొదలుపెట్టిన కొద్దివారములలోనే సాధారణముగా రోగినుండి ఇతరులకు అంటు భయము మిక్కిలి తగ్గిపోవునని అందరికిని తెలియజెప్పవలెను.

చికిత్స సాధారణముగా ఆరు నెలలు. రెండు నెలలలో దగ్గు తగ్గి ఆకలి పుట్టగానే మందు మానుట పెద్ద ప్రమాదము. మందునకు లొంగని క్రిమి తయారగుటకు ఇదొక ముఖ్యమైన దారి. చికిత్సాకాలమున పోషణకొరకు ప్రభుత్వము 2018నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండగా, 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలకు పెంచినది. ఈ సొమ్ము రోగి బ్యాంకు ఖాతాలో పడవలెను. ఖాతా లేనివారికి ఖాతా తెరిపించుట సభ్యులు చేయదగిన మంచి పని. సందేహములున్నవారు నిక్షయ్ సంపర్క్ వారి ఉచిత ఫోను 1800-11-6666కు మాటలాడవచ్చును.

శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగశాలను వ్రేలికొనపై నిలుచునంత చేసి మన చెంతకు తెచ్చిరి. కొన్ని వారములు పట్టు పని గంటలోనికి వచ్చినది. అయినను దగ్గుచున్న మనిషి ఇంటినుండి సీసా కదలనిచో ఆ గంట ఎన్నటికిని మొదలు కాదు. ఆ సీసాను కదలించు పని ఏ యంత్రమును చేయలేదు. అది ఇరుగుపొరుగు వారిని పేరుపేరున ఎరిగిన పంచాయతీ సభ్యులవలననే కాగలదు. వచ్చు సమావేశమున కార్యక్రమపట్టికలో ఈ విషయమును చేర్చి, ఈ నెల మన ఊరినుండి ఎన్ని సీసాలు కేంద్రమునకు పోయినవో విచారింపుడని మా మనవి.